సింకు పక్కన సీసా

తిరువొత్తియూరు,
12 జూన్ 2025

అమ్మాయ్ రాగిణీ,

మొన్న ఆదివారం మా ఇంట్లో సాంబారన్నం చెంచాతో తిన్నావు. ముప్పై నాలుగేళ్ళుగా నువ్వు అన్నం తినడం చూస్తున్నాను, చెంచా అడిగింది లేదు. ఏమైందంటే "ఏమీ లేదత్తా" అన్నావు. నా చెవి మిషను ఆ పూట కూడా ఈల వేయడం తప్ప వేరే పని చేయలేదు గనక నీ పెదవులు చూసి గ్రహించాను. తరువాత నువ్వు గిన్నె కడుగుతుంటే చేతులు కూడా చూశాను. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చీలి నెత్తురు ఊరుతోంది. ఆ చేతులతో అన్నం కలుపుకోలేక చెంచా పట్టుకున్నావు.

నీ ఉద్యోగం ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. సూది వేయవు, మందు ఇవ్వవు. ఒక జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు ఆసుపత్రిలో ఇంకో జబ్బు అంటకుండా చూస్తావట. దానికోసం రోజుకు అరవై సార్లు చేతులు కడుక్కోవాలా? కాపలా కాసేవాళ్ళకు చేతులు మిగలొద్దా?

కలబంద గుజ్జు, పన్నీరు, గంధం, నాలుగు చుక్కల గ్లిజరిన్ కలిపి నేను చేసే లేపనం నీకు తెలుసు. చిన్నప్పుడు నీ బుగ్గలకు రాసినదే. ఒక సీసా పక్కింటి విజయకుమార్ చేతికిచ్చి పంపుతున్నాను. అతను రోజూ కోడంబాక్కం స్టుడియోకి వస్తాడు గదా, సీసాకు అతను, ఉత్తరానికి పోస్టు. రాసుకో.

ఫోనులో వేలితో గీకిన జవాబు నాకు వద్దు. చెవిటిదాన్నే కాని గుడ్డిదాన్ని కాదు, కాగితం మీద రాయి. ముప్పై అయిదేళ్ళు కార్పొరేషన్ బడిలో తెలుగు చెప్పినదాని మేనకోడలు తమిళంలో మెసేజీలు పెట్టడం నేను చూడలేను.

నీ మేనత్త,
కమలాంబ


కోడంబాక్కం,
20 జూన్ 2025

అత్తా,

దండాలు. కాగితం మీదే రాస్తున్నాను, తప్పులుంటే ఎర్ర సిరా వాడకు.

నీ సీసా మూడు రోజుల్లో పని చేసింది. చేతులు మండటం లేదు. నువ్వు అడిగావు గనక నా పని చెబుతాను. ఫైలు పట్టుకుని వార్డులో ఒక మూల నిలబడతాను. డాక్టరైనా నర్సైనా రోగిని తాకేముందు చేతులు శుభ్రం చేసుకున్నారా లేదా చూసి గీత పెడతాను. నెలాఖరుకు ఆ గీతలు లెక్కేసి పెద్దవాళ్ళ ముందు పెడతాను. అందరూ నన్ను "పోలీసక్క" అంటారు. నేను గుమ్మంలో కనపడగానే పెద్ద పెద్ద డాక్టర్లు సింకు వైపు నడుస్తారు.

పోయిన నెల పసిపిల్లల ఐసీయూలో నూటికి యాభై నాలుగుసార్లే కడిగారు. తిట్టాను. ఒక నర్సు చేతులు చాపి చూపించింది. నా చేతులకంటే అన్యాయంగా ఉన్నాయి. మండే చేతుల మీద స్పిరిటు ఎవరు పోసుకుంటారు? క్రీము కొనమని నేను పెట్టిన అర్జీ ఎక్కడో పడుకుని ఉంది. అందుకని నీ సీసా తీసుకెళ్ళి వాళ్ళ సింకు పక్కన పెట్టాను, డ్యూటీ దిగాక రాసుకోమని చెప్పి. ఈ వారం డెబ్బై తొమ్మిది! నా పదకొండేళ్ళ సర్వీసులో ఇంత పెరగడం చూడలేదు. ఇంకా పెద్ద సీసా పంపుతావా? నా చిన్నప్పటి వాసనే ఇప్పటికీ ఉందంటే, అదెలాగని నర్సు అమ్మాయిలు అడుగుతున్నారు, అదీ రాయి.

నీ శిష్యురాలు ఒకామె అక్కడ ఉంది, మీ పక్క మనలి ఊరి రంజిత. ఎనిమిది వారాలు ముందే కాన్పయింది. మగపిల్లాడు, కిలో నాలుగొందల గ్రాములు. "కమలాంబ టీచరు మేనకోడలా మీరు? నా చేతిరాత బాలేదని నోటుబుక్కంతా ఇంకోసారి రాయించినారు, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తాది" అంది. బిడ్డకు చప్పరించే శక్తి లేదు. ఆమె ఇంట్లో పాలు పిండి, ఫ్లాస్కులో పెట్టుకుని, రోజూ రెండు బస్సులు మారి తెస్తుంది. గొట్టంతో పోస్తారు. నిన్న ఇరవై గ్రాములు పెరిగాడని వార్డంతా చెప్పుకుంది.

ఉంటాను,
రాగిణి


తిరువొత్తియూరు,
27 జూన్ 2025

రాగిణీ,

పెద్ద సీసా విజయకుమార్ తెస్తాడు. జాగ్రత్తగా అందుకో, అతని చేతుల్లో ఏదీ నిలవదు.

రంజిత గుర్తుంది. రెండో బెంచీ, కిటికీ పక్క. నోరు తెరవదు కాని రాస్తే ఆగదు. వాళ్ళ నాన్న మనలి మార్కెట్టులో కూరలమ్మేవాడు. బిడ్డకు నా ఆశీస్సులు చెప్పు. మా పిల్ల పాలు తెస్తోందంటే గర్వంగా ఉంది, తమాషా అనుకోకు.

ఉద్యోగం మానేసిన పదేళ్ళకు నా చేతిపని ఒక ఆసుపత్రిలో పనికొస్తోందంటే పట్టలేకుండా ఉన్నాను. ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను కూడా. నువ్వు కోప్పడకు.

కమలాంబ


కోడంబాక్కం,
6 జూలై 2025

అత్తా,

ఈ ఉత్తరంలో కబుర్లేమీ ఉండవు.

పన్నెండు రోజుల్లో ముగ్గురు పసివాళ్ళకు జ్వరం వచ్చింది. మొదట రంజిత బిడ్డ. ముగ్గురి నెత్తుర్లోనూ ఒకే క్రిమి, సూడోమోనాస్. తడి ఉన్నచోటల్లా బతుకుతుంది. పైపులో, బక్కెట్టులో, తుడుపు గుడ్డలో. నీకూ నాకూ ఏమీ చేయదు. కిలోన్నర బిడ్డకు రెండు రోజులు చాలు.

అది బయటినుంచి ఆ పిల్లలతో రాలేదు, మా గదిలోనే పట్టింది. ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడమే నా పని. కొళాయిలు విప్పించాను. ఆక్సిజన్‌కు తేమ పట్టించే నీళ్ళు పరీక్షకు పంపాను. ఇంక్యుబేటర్ల మూలలు దూది పుల్లతో తుడిచి పంపాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయనే వస్తోంది. చేతుల లెక్క చూస్తే నూటికి ఎనభై మూడు. ఇంత కడుగుతుంటే ఇంత జబ్బేమిటి? ముద్ద దిగడం లేదు.

జాబితాలో ఇంకో అనుమానం పెట్టాను. పాలు. మొదటి కేసు రంజిత బిడ్డే. ఇంటినుంచి, బస్సులో, ఎండలో వస్తున్న ఫ్లాస్కు అది. మా పై డాక్టరు సుందర్‌రాజ్ ఐదో తారీకునుంచి ఆమె పాలు ఆపించి, డబ్బా పాలు మొదలుపెట్టారు. నిన్ననే పాలు పరీక్షకు వెళ్ళాయి. ఫ్లాస్కు వెనక్కి ఇస్తుంటే ఆమె నర్సు మొహం చూసింది, తరువాత నా మొహం చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

పెద్ద సీసా అందింది. థాంక్స్. పాతది సగం అయిపోతే దాంట్లోనే పోశాను.

రాగిణి


తిరువొత్తియూరు,
9 జూలై 2025

రాగిణీ,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. తల్లి పాలను అనుమానించే చదువు ఏం చదువు? గుమ్మం ముందు దొంగను వదిలి దేవుడి గదిలో వెతికినట్టుంది. నువ్వు తిను ముందు. కడుపు కాలుతుంటే బుర్ర పనిచేయదు. ఆ పిల్లనూ తినమను, బాలింత.

మీకు దిగులుగా ఉందని నేను చేయగలిగింది చేస్తున్నాను, మూడో సీసా సిద్ధమవుతోంది. వాసన సంగతి అడిగావు, పోయినసారి రాయడం మరిచాను. రహస్యమేమీ లేదు. తోడు. పాత సీసాలో రెండు చెంచాలు మిగిల్చి కొత్త గుజ్జులో కలుపుతాను, పెరుగుకు వేసినట్టే. ఒక రాత్రి అలమారలో పెడితే తెల్లారేసరికి చిక్కబడి అదే వాసన వస్తుంది. మా అమ్మ నేర్పింది. ముప్పై ఏళ్ళుగా ఆ తోడు తెగనివ్వలేదు. పొయ్యి సెగ మాత్రం చూపించకూడదు, గుణం పోతుంది. బజారు క్రీముల్లో ఏవేవో కలుపుతారట పాడవకుండా. నాదాంట్లో అలాంటి విషాలేమీ లేవు, మీ అమ్మాయిలకు గట్టిగా చెప్పు.

బిడ్డ ఎలా ఉన్నాడో వెంటనే రాయి.

కమలాంబ


కోడంబాక్కం,
14 జూలై 2025

అత్తా,

రంజిత బిడ్డ పదకొండో తారీకు ఉదయం పోయాడు. మిగతా ఇద్దరూ కోలుకుంటున్నారు.

మూడో సీసా పంపొద్దు. వార్డులో బయటి క్రీములేవీ ఉండకూడదని ఆర్డరు వచ్చింది. ఇంట్లో ఉన్నది కూడా వాడకు, పారబొయ్యి. మొదటి సీసా ఏ రోజు చేశావు? నీళ్ళేమైనా కలిపావా? పన్నీరు ఎక్కడ కొన్నావు? ఈ మూడింటికి మాత్రం జవాబు రాయి. ఎందుకని అడగకు.

రాగిణి


తిరువొత్తియూరు,
18 జూలై 2025

రాగిణికి,

బిడ్డ సంగతి చదివి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

తరువాత నీ ప్రశ్నలు చదివాను. జూన్ పదిన చేశాను. కాచి చల్లార్చిన నీళ్ళు అరగ్లాసు. పన్నీరు మార్కెట్టు వీధిలో. ఇంకేమైనా కావాలా, వేలిముద్ర వేయమంటావా? మీ ఆసుపత్రిలో ఎవరో గొప్పింటి డాక్టరమ్మ నాటుమందని ముక్కు చిట్లించి ఉంటుంది, నీకు సిగ్గేసి ఉంటుంది. అంతేగా? ఆ మాట చెబితే సరిపోయేది. ముప్పై ఏళ్ళది పారబొయ్యమని నౌకరుకు చెప్పినట్టు రాశావు. నేను పారబోయలేదు. పారబోయను.

అది వదిలేయి. నిన్న రేషను కొట్టు దగ్గర రంజిత తల్లి కలిసింది. ఆమె కాస్త గట్టిగా మాట్లాడుతుంది గనక వినపడింది. "బిడ్డను పాలే చంపినాయంట టీచరమ్మా. ఆసుపత్రోళ్ళే ఆపినారు గదా, ఊరికే ఆపుతారా? ఆడ వాళ్ళత్త వీధంతా చెప్తా ఉంది, దీని ఒంట్లోనే విషం ఉందని. అల్లుడు అరుళ్ అన్నం తినేటప్పుడు గూడా పలకరించడం లేదంట" అంది.

మీరు ఆ పిల్లకు అలా చెప్పారా? సూటిగా రాయి.

కమలాంబ


కోడంబాక్కం,
23 జూలై 2025

అత్తా,

సూటిగానే రాస్తాను. కూర్చుని చదువు.

అలా ఎవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు.

నీ తోడు ఉత్తరం నాకు పన్నెండో తారీకున అందింది. వార్డు గుమ్మంలో నిలబడి చదివాను. తోడు సంగతి రాసిన పేరా మళ్ళీ చదివాను. అదే తడి, అదే గది, సెగ తగలనిది, పాడవకుండా ఆపే మందు లేనిది. నేను అన్ని మూలలూ తుడిచాను, కళ్ళెదుట ఉన్న సీసాను తుడవలేదు. అది నాది గనక. సీసాలో కొంచెం తీసి, పేరు లేకుండా నంబరు వేసి పరీక్షకు పంపాను. పదహారున వచ్చింది. సీసాలో ఉన్నదీ పిల్లల నెత్తుర్లో ఉన్నదీ ఒకే క్రిమి. ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో, అన్నీ ఒకటే.

డ్యూటీ దిగాకే రాసుకోమన్నాను. మండే చేతులు అంతవరకు ఆగుతాయా? చేతులు కడగడం, సీసాలో వేలు పెట్టడం, బిడ్డను ముట్టుకోవడం. నూటికి ఎనభై మూడు అని నేను మురిసిపోయిన గీతలన్నీ అవే. సబ్బు సీసా అయిపోతే పాతదాంట్లో కొత్తది పోయకూడదని ప్రతి నెలా క్లాసులు చెప్పేది నేనే. నీ పెద్ద సీసాను పాతదాంట్లో పోసిందీ నేనే. కంచే చేను మేసింది, అత్తా.

ఆ క్రిమి నీ అలమారలో పుట్టిందో, మా వేళ్ళనుంచి సీసాలోకి దిగిందో ఎవరూ తేల్చలేరు. దాన్ని ఆ గదిలోకి తెచ్చింది మాత్రం నేను.

సుందర్‌రాజ్ గారికి చెప్పాను. ఆయన తలుపు మూసి, "సీసా తీసేసినాం, కొత్త కేసులు లేవు. మూలం తేలలేదు అని రాసి ముగించు. వచ్చే నెల తనిఖీకి వస్తారు" అన్నారు. సంతకం పెట్టాను. నీ పేరు ఆ ఫైలులోకి ఎక్కకూడదని పెట్టాను. నిజం.

నీకు చెప్పకుండా ఉండిపోదామనుకున్నాను. నువ్వు పారబోయను అన్నావు గనక చెప్పక తప్పలేదు.

రాగిణి


తిరువొత్తియూరు,
28 జూలై 2025

రాగిణీ,

పారబోశాను. సీసాలన్నీ, తోడుతో సహా. పెరట్లో గొయ్యి తీసి పోశాను. తరువాత చాలాసేపు చేతులు కడుక్కున్నాను. కడుగుతూనే ఉన్నాను.

ఇక రెండు మాటలు. ఒకటి, నా పేరు కోసం సంతకం పెట్టానని ఇంకెప్పుడూ అనకు. నా పేరు అడ్డం పెట్టుకుని నీ ఉద్యోగం కాపాడుకున్నావు. భయపడ్డావని రాస్తే నేను అర్థం చేసుకునేదాన్ని, నాకూ భయమే. రెండు, నువ్వు ఎలాగూ వెళ్ళవని తెలిసి నేనే నిన్న మనలిలో రంజిత ఇంటికి వెళ్ళాను.

ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు, మార్కెట్టులో అందరికీ తెలుసు. వాళ్ళత్త తలుపు తీసి, నన్ను చూసి లోపలికి పోయింది. రంజిత నేల మీద కూర్చుని ఉంది. రవిక ముందు తడిసి ఉంది. పదిహేడు రోజులైనా పాలు ఇంకా ఆగలేదు, రాగిణీ. పిండి మోరీలో పోస్తోంది.

పక్కన కూర్చుని చెప్పాను. వెనకా ముందూ చూసుకోలేదు. మందు నేను చేశానన్నాను, నా మేనకోడలు తెచ్చి సింకు పక్కన పెట్టిందన్నాను, నర్సుల చేతులనుంచి బిడ్డకు పోయిందన్నాను. తిడుతుందని, కొడుతుందని ఒళ్ళు గట్టి చేసుకుని కూర్చున్నాను. ఆమె ఏదో అంది. నాకు వినపడలేదు. వణికే పెదవులు చదవడం నాకు రాదు. సంచిలోనుంచి నోటుబుక్కు, పెన్ను తీసిచ్చాను.

"అట్లయితే నా పాలు కాదా?" అని రాసింది.

కాదన్నాను. అదే మాట మళ్ళీ రాసింది. మళ్ళీ కాదన్నాను. మూడోసారి కూడా రాసింది. నేను ఆమె చేతిలోని పెన్ను తీసుకుని, ఆ మూడు వరుసల కింద "కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి నా సంతకం పెట్టాను.

అప్పుడు తల ఎత్తింది. ఆ కాగితం నోటుబుక్కులోంచి చింపుకుని లోపలి గది గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, తిరిగి వచ్చింది. "ఇది ఆసుపత్రి కాయితం మీద కావాల టీచర్. మీ మాట ఈడ ఎవరు నమ్ముతారు? మా ఆయన గూడా నమ్మడు" అని రాసింది.

ఆమె నన్ను క్షమించిందని అనుకోకు. వచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. అడిగింది ఒక కాగితం. అది ఇవ్వగలిగింది నువ్వు ఒక్కదానివే. నీ ఉద్యోగం పోతే ఇక్కడికి రా, నా పెన్షను ఇద్దరికి సరిపోతుంది. ఆ ఫైలులో నా పేరు ఇంటి నంబరుతో సహా రాయి.

కమలాంబ


కోడంబాక్కం,
4 ఆగస్టు 2025

అత్తా,

నీ ఉత్తరం అందిన రోజే సుందర్‌రాజ్ గారి గదికి వెళ్ళి నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. కొత్త రిపోర్టులో సీసా సంగతి మొదటి పేజీలోనే ఉంది. ఎవరు తెచ్చారు, ఎక్కడ పెట్టారు, ఎందుకు పట్టుకోలేకపోయారు, అన్నీ రాశాను. అవును, భయపడే పెట్టాను ఆ మొదటి సంతకం. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు.

రంజితకు ఇవ్వడానికి కాగితం కావాలి గదా. పాల పరీక్ష ఏమైందో చూద్దామని ఫైలు అప్పగించేముందు తిరగేశాను. ఉంది. "క్రిములేవీ పెరగలేదు." తారీకు జూలై ఎనిమిది. కింద "చూశాను" అని నా సంతకం.

అప్పుడు గుర్తొచ్చింది, అత్తా. ఆ రోజు ఆ కాగితం చూసి జాబితాలో పాలు అనే వరుస కొట్టేశాను. తరువాతి అనుమానం మీదికి వెళ్ళిపోయాను. పాలు మళ్ళీ మొదలుపెట్టమని ఎవరికీ చెప్పలేదు. తల్లికి చెప్పాలని తోచనే లేదు. డాక్టర్లు చెబుతారనుకున్నాను. వాళ్ళు నేను చెబుతాననుకుని ఉంటారు.

దాని నకలు, నా రిపోర్టు నకలు తీసుకుని నిన్న మనలి వెళ్ళాను. అరుళ్ ఇంట్లో ఉన్నాడు. రిపోర్టు నిలబడే చదివాడు, రెండోసారి వాళ్ళమ్మకు వినపడేలా బయటికి చదివాడు. ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది. రంజిత ఆ రిపోర్టు ముట్టుకోలేదు. పాల పరీక్ష కాగితమే చేతిలో పెట్టుకుని, పై నుంచి కిందికి చదివింది. తారీకు దగ్గర ఆగింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ఎనిమిదో తారీకా? వాడు పోయింది పదకొండు. అట్లయితే ఆ మూడు దినాలూ వాడు నా పాలు తాగుండొచ్చు" అంది.

అవునన్నాను.

రాగిణి